రోప్‌వే స్టేషనులో పెట్టె ఎట్లు నెమ్మదించును?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామములో ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపు మూయక నిలుచుట సామాన్యమైన సంగతి కాదు. దానికి పుస్తకము లిచ్చినవారు, చందా కట్టినవారు, సాయంకాలము దీపము పెట్టి బల్లలు తుడిచినవారు, అందరును ఈ నాటి యుత్సవమునకు కర్తలే. ఈ సభలో మాటలాడుటకు నాకు అవకాశ మిచ్చినందులకు మొదట కృతజ్ఞత తెలుపుకొనుచున్నాను. "ఏదైన ఒక శాస్త్రవిషయమును పెద్దలకు, పిల్లలకు కూడ తెలియునట్లు చెప్పుడు" అని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఏమి చెప్పవలెనా యని నేను ఆలోచించు సమయములో, మన ఊరి ఆడపడుచు ఒకామె నాకొక ప్రశ్న వేసి ఆ చిక్కు విడదీసినది.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో సైన్యమున కొడుకు లేని వీధి అరుదు. ఆమె కొడుకు కూడ జవాను. కాశ్మీరములో ఉద్యోగము చేయుచుండగా సెలవులలో తల్లిని అచటికి తీసికొనిపోయి గుల్‌మార్గు చూపించెను. గుల్‌మార్గులో కొండమీదికి పోవు గొప్ప రోప్‌వే కలదు. దాని మొదటి దశ 1998లోను, రెండవ దశ 2005లోను ప్రారంభమైనవి. ఆమె ఆ పెట్టెలో కూర్చుండి మంచుకొండ చూచి వచ్చినది. తిరిగి వచ్చిన పిదప మంచును గూర్చి గాని, కొండను గూర్చి గాని ఆమె నన్ను అడుగలేదు. "బాబూ! ఆ పెట్టి ఆగనేదు. కదులుతుండగానే నన్నెక్కించీసినారు. బస్సు కదిలితే ఎక్కొద్దంటారు గదా, మరిదేటి?" అని అడిగినది.

నేను చాలకాలము బడిపిల్లలకు పాఠము చెప్పినవాడను. ఇంత సూటియైన ప్రశ్న తరగతిలో నేను విన్నది తక్కువ. కదలు బస్సు ఎక్కరాదు. అది మనమందరము పిల్లలకు చెప్పు నీతి. మరి కదలు పెట్టెలోనికి మోకాళ్లనొప్పులు గల ముసలితల్లిని ఎక్కించుట ఎట్లు తగును? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నేటి నా ఉపన్యాసము.

మొదట త్రాటి సంగతి చూతము. మన ఊరి బావిమీది గిలకను తలచుకొనుడు. గిలకమీదుగా ఒక చేద త్రాడు పోవును. ఒక కొన క్రిందికి పోయినపుడు రెండవ కొన పైకి వచ్చును. ఇపుడు ఆ త్రాటి రెండు కొనలను కలిపి అతికితిమనుకొనుడు. బావి యడుగున మరియొక గిలకను అమర్చి, త్రాటిని ఆ రెండు గిలకల చుట్టును తిరుగునట్లు బిగించితిమనుకొనుడు. అపుడు ఆ త్రాటికి మొదలు లేదు, తుద లేదు. పై గిలకను త్రిప్పినంతకాలము త్రాడు ఒకవైపున ఎక్కుచు, వేరొకవైపున దిగుచు ఉండును. కొండ క్రింద ఒక పెద్ద గిలక, కొండపైన ఒక పెద్ద గిలక, నడుమ స్తంభములపై చిన్న చిన్న గిలకలు, వానిమీద తిరుగు తుదిలేని ఉక్కుత్రాడు: రోప్‌వే యనగా ఇంతియే. రెండు పెద్ద గిలకలలో ఒకదానిని విద్యుత్తు మోటారు త్రిప్పును. త్రాడు సడలకుండ ఒక గిలకను బరువు గాని, నూనె ఒత్తిడితో పనిచేయు యంత్రము గాని ఎల్లప్పుడును వెనుకకు లాగుచుండును.

ఆ త్రాడు మన నులకత్రాడు వంటిదియే. నులకలో పీచులను పేనినట్లు ఇందులో ఉక్కుతీగలను పురులుగా పేని, సాధారణముగా ఆరు పురులను ఒక నడిమి పేటచుట్టు మెలివేయుదురు. రెండు కొనలను ముడి వేయరు. పురులను విప్పి, ఒకదానిలో నొకటి దూర్చి, చాల పొడవున కలిపి పేనుదురు. ఆ అతుకు పొడవు సాధారణముగా త్రాటి మందమునకు 1200 రెట్లకు తక్కువ కాకుండునట్లు చూతురు. త్రాటి మందము 50 మిల్లీమీటర్లయినచో అతుకు 60 మీటర్లుండును. చేతితో తడిమినను అది అతుకని తెలియుట కష్టము. ఈ ఉక్కుత్రాడు జర్మనీ దేశములో పుట్టినది. హార్ట్జ్ కొండలలోని గనులలో జనపత్రాళ్లు, గొలుసులు మాటిమాటికి తెగుచుండుటచే విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అను గనుల అధికారి 1834లో ఇనుపతీగలతో త్రాడు పేని వాడుకలోనికి తెచ్చెను. త్రాటిపై బరువు తరలించుట మాత్రము అంతకంటె పాతది. 1644లో డాంజిగ్ నగరములో ఆడమ్ వీబె అను యంత్రకారుడు కోటగోడల పనికై తుదిలేని త్రాటికి బుట్టలు వ్రేలాడదీసి కొండమన్ను తరలించెను.

ఇక అసలు చిక్కునకు వత్తము. మన తీర్థములలో, జాతరలలో పెద్ద రంగులరాట్నము చూచియుందురు. దాని తొట్టెలన్నియు చక్రమునకు బిగించి యుండును. క్రింది తొట్టెలోనికి ఒకరెక్కవలెనన్న చక్రము మొత్తము ఆగవలెను. క్రింద ఒక బాలుడు చెప్పు జారినదని వంగినచో, పైనున్నవారందరు ఆకాశములో వ్రేలాడుచు వేచియుండవలెను. పది తొట్టెలకు పదిమార్లు ఆగవలెను. రాట్నము వేడుకకే గనుక ఆ నిరీక్షణము కూడ వేడుకయే. కాని రెండు కిలోమీటర్ల పొడవున డెబ్బది పెట్టెలున్న రోప్‌వేలో, ఒక్కొక్కరు ఎక్కునపుడును దిగునపుడును త్రాడు ఆగినచో ఆ ప్రయాణము నాటికి తెమలునా? త్రాడు ఆగకుండ పోవుచునే యున్నచో మనుష్యుడు ఎక్కుట యెట్లు? త్రాడు త్వరగా పోవలెను, మనిషికి తీరిక కావలెను. ఈ రెండును పరస్పర విరుద్ధములు. ఇంజనీర్లు దీనికి నాలుగు విధముల మార్గములు కనిపెట్టిరి.

మొదటిది చేదబావి పద్ధతి. రెండే పెద్ద పెట్టెలుండును. ఒకటి పైకి పోవునపుడు రెండవది క్రిందికి వచ్చును. రెండును స్టేషనులు చేరగానే త్రాడు ఆగును, జనులు దిగుదురు, ఎక్కుదురు. ఎక్కుటకు ఇంతకంటె సుఖమైన పద్ధతి లేదు. కాని దూరము పెరిగినకొలది నిరీక్షణము పెరుగును. ఒక పెట్టె పోయి రావలసినదే.

రెండవది కుర్చీల పద్ధతి. కుర్చీలను త్రాటికే గట్టిగా బిగించెదరు. త్రాడు ఆగదు గనుక దాని వేగమునే తగ్గించి, సెకనుకు రెండు రెండున్నర మీటర్ల చొప్పున నడపుదురు. ప్రయాణికుడు గుర్తుపెట్టిన చోట నిలుచుండగా కుర్చీ వెనుకనుండి వచ్చి మోకాళ్ల వెనుక తగులును, వెంటనే కూర్చుండవలెను. పడుచువారికి ఇది ఆట, ముసలివారికి సంకటము. పైగా ఎక్కుచోటి భయముచే దారి పొడవునను నెమ్మదిగా పోవలసివచ్చును.

మూడవది గుంపుల పద్ధతి. మూడో నాలుగో పెట్టెలను గుంపుగా త్రాటికి బిగింతురు. ఒక గుంపు స్టేషనునకు వచ్చువేళ త్రాడంతయు నెమ్మదించును. జనులు ఎక్కిన పిదప త్రాడంతయు మరల వేగమందుకొనును. ఇది కొంచెము రంగులరాట్నము, కొంచెము రైలు. నడుమ దారిలోనున్నవారు తాము ఏల నెమ్మదించితిమో తెలియక ఒకరి మొగము నొకరు చూచుకొందురు. తక్కువ దూరములకు, తక్కువ జనులకు ఇది చౌకయైనది, చాలినది.

నాలుగవది గుల్‌మార్గులో ఆ తల్లి చూచినది. త్రాడు ఆగదు, నెమ్మదింపను నెమ్మదింపదు. స్టేషనులోనికి వచ్చిన పెట్టె త్రాటిని వదలివేయును! వదలి, తానొక్కటియే నెమ్మదిగా నడచి, మనుష్యులను దింపి, ఎక్కించుకొని, మరల పరుగెత్తి త్రాటిని పట్టుకొనును. పాత బియ్యపుమిల్లులలో పనిచేసిన పెద్దలకు ఈ యుక్తి క్రొత్త కాదు. అక్కడ ఇంజను ఆగదు; ఒక యంత్రమును నిలుపవలెనన్న దాని బెల్టును ఉత్త గిలకమీదికి జరిపెడివారు. ఆ యంత్రము మాత్రము నిలుచును, మిగిలిన మిల్లు నడచుచుండును. వాహనముల విషయములో ఈ పద్ధతిని ప్రసిద్ధిలోనికి తెచ్చినవాడు ఆండ్రూ హాలిడీ. 1873లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరములో అతడు వీధి క్రింద తిరుగు ఉక్కుత్రాటిని పట్టుకొని పోవు బండ్లను నడపెను. బండిలోని మనిషి మీటను లాగినచో పట్టుకారు త్రాటిని పట్టును, వదలినచో బండి ఆగును. ఆ నగరములో అట్టి బండ్లు నేటికిని నడచుచున్నవి. వీధిబండిలో మీటను మనిషి లాగును. మన రోప్‌వేలో ఆ పని తనంతట తానే జరుగును. అది ఎట్లో వివరించెదను.

ప్రతి పెట్టె పైభాగమున ఒక పట్టుకారు ఉండును. కంసాలి పట్టుకారునకును దీనికిని ఒక ముఖ్యభేదము కలదు. కంసాలి పట్టుకారును బిగించుటకు చేతిబలము కావలెను, వదలినచో విచ్చుకొనును. రోప్‌వే పట్టుకారు ఆరవేసిన బట్టలకు పెట్టు క్లిప్పు వంటిది. బలమైన స్ప్రింగు దానిని ఎల్లప్పుడు మూసి యుంచును. తెరచుటకే బలము కావలెను, మూయుటకు కాదు. విద్యుత్తు పోయినను, మోటారు ఆగినను, ఎవరును లేకున్నను, నడిదారిలో దాని సహజస్థితి పట్టుకొని యుండుటయే. ఈ చిన్న సంగతిలో ఎంత దూరదృష్టి యున్నదో గమనింపుడు.

పెట్టె స్టేషనులో ప్రవేశించినపుడు మొదట దాని పైనున్న చిన్న చక్రములు ఒక పట్టామీది కెక్కును. ఇపుడు పెట్టె బరువును మోయునది త్రాడు కాదు, పట్టా. తరువాత పట్టుకారు మీటకున్న గుండ్రని చక్రము ఒక వంపు కడ్డీ క్రిందికి దూరును. ఆ కడ్డీ మీటను నొక్కును; స్ప్రింగు ఒదుగును; దవడలు విచ్చుకొనును. అదే చోట త్రాడు గిలకలపై కొంచెము ప్రక్కకు తొలగి తన దారిని పోవును. దీనికి విద్యుత్తు అక్కరలేదు, బొత్తాము అక్కరలేదు. పెట్టె ముందుకు వచ్చు వేగమే మీటను నొక్కును. గడియ లేని తలుపును మేక కొమ్ముతో నెట్టుకొని లోనికి వచ్చినట్లు పెట్టె తన విడుదలను తానే సంపాదించుకొనును.

త్రాటిని వదలిన పెట్టె ఇంకను అదే వేగముతో పోవుచుండును. త్రాటివేగము సెకనుకు 5 మీటర్లనుకొందము, అనగా గంటకు 18 కిలోమీటర్లు. సైకిలును గట్టిగా త్రొక్కిన వేగము. దీనిని సెకనుకు 0.3 మీటరునకు, అనగా గంటకు ఒక కిలోమీటరునకు తేవలెను. బ్రేకు ఒక్కమారుగా వేసినచో లోనివారు ముందునకు తూలిపడుదురు. కావున పట్టా ప్రక్కన వరుసగా రబ్బరు టైర్లను అమర్చుదురు. స్కూటరు టైర్ల వంటివి అవి. పెట్టె తలపైనున్న ఒక పలక ఆ టైర్లకు ఒరసుకొనుచు పోవును. మొదటి టైరు త్రాటివేగముతోనే తిరుగుచుండును. రెండవది దానికంటె కొంచెము నెమ్మది, మూడవది ఇంకను కొంచెము నెమ్మది. పరుగెత్తుకొని వచ్చు పిల్లవానిని వీధిలో ఒకరి తరువాత ఒకరు భుజముపై చేయి వేసి మెల్లగా ఆపినట్లు, టైర్లు పెట్టెను చేతినుండి చేతికి అందించుకొనుచు నెమ్మదింపజేయును.

పిల్లలు లెక్క వేసికొనవచ్చును. సెకనుకు ఒక మీటరు చొప్పున వేగము తగ్గింపవలెనన్నచో 5 నుండి 0.3కు వచ్చుటకు అయిదు సెకనులకు కొంచెము తక్కువ పట్టును. ఆ కాలములో పెట్టె పోవు దూరము సుమారు పండ్రెండున్నర మీటర్లు. టైర్లు అరమీటరున కొకటి యున్నచో పాతిక టైర్లు కావలెను. స్టేషను కట్టడము పెట్టెకంటె అంత పొడవుగా ఏల యుండునో ఈ లెక్కయే చెప్పును. ఆ పొడవు అలంకారము కాదు. లోపల నిలుచున్న ముసలివారు తూలకుండుటకు ఇచ్చిన చోటు.

ఈ టైర్లను త్రిప్పునది ఎవరు? చాల స్టేషనులలో వానికి వేరు మోటారుండదు. త్రాటితో తిరుగు గిలకనుండియే బెల్టులద్వారా మొదటి టైరునకు శక్తి వచ్చును. దానినుండి రెండవదానికి, రెండవదానినుండి మూడవదానికి. గిలకల పరిమాణములో చిన్న తేడా పెట్టి ఒక్కొక్క మెట్టున వేగము తగ్గింతురు. ఇందువలన గొప్ప లాభము కలదు. గాలి ఎక్కువైనదని నడపువాడు త్రాటివేగమును సగము చేసినచో టైర్ల వేగము కూడ తనంతట సగమగును. త్రాటికిని, టైర్లకును మాట తప్పదు.

నెమ్మదించిన పెట్టె తలుపునకు ఒక మీట కలదు. అది స్టేషనులోని మరియొక వంపు కడ్డీకి తగిలి తలుపులు విచ్చుకొనును. పెట్టె అడుగున గల అంచు నేలమీది దారిలో నడచుటచే పెట్టె ఊగదు. దాని నేల, మన నిలుచు నేల సమముగా ఉండును, మెట్టు లేదు. పది మీటర్ల అరుగు వెంబడి సెకనుకు 0.3 మీటరు చొప్పున పోవుటకు దానికి ముప్పదిమూడు సెకనులు పట్టును. మనిషి మామూలు నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. అనగా ఆ పెట్టె మనకంటె నాలుగు రెట్లు నెమ్మదిగా నడచును. ఊరేగింపులో రథము ప్రక్కన నడచినట్లు దాని ప్రక్కన నడచుచు లోనికి అడుగు పెట్టవచ్చును.

ఇచ్చట ఆ తల్లి ప్రశ్నకు సగము సమాధానము దొరకినది. బస్సు ఎక్కరాదనుటకు అది కదలుటయొక్కటే కారణము కాదు. అది క్షణక్షణమునకు వేగము పెంచుచు కదలుచుండును, మెట్టు ఎత్తుగా నుండును, తలుపు ఇరుకు, డ్రైవరు ముందు చూచుచుండును గాని మన పాదమును చూడడు. రోప్‌వే పెట్టె ఎక్కుచోట వేగము పెంచదు, మెట్టు లేదు, ద్వారము విశాలము, ప్రక్కన నిలుచున్న ఉద్యోగి మన పాదమునే చూచుచు, చేతికి అందునంత దూరములో ఆపుబొత్తాము పెట్టుకొని యుండును. చక్రాల కుర్చీలో వచ్చినవారికి, బొత్తిగా నడువలేనివారికి వేగమును ఇంకను తగ్గింతురు, అవసరమైనచో ఆపుదురు కూడ. బస్సు దగ్గర మనిషి యంత్రముతో పరుగెత్తవలెను. ఇక్కడ యంత్రము మనిషితో నడచును.

తలుపులు మూసికొనిన పిదప రెండవ వరుస టైర్లు పెట్టెను మెల్లగా తోయుచు మరల సెకనుకు 5 మీటర్లకు తెచ్చును. వేగము సమానమైన క్షణముననే పట్టుకారు త్రాటిపై మూసికొనవలెను. త్రాడు 5 మీటర్లు, పెట్టె 4 మీటర్లయినచో దవడలు త్రాటిపై జారి దానిని గీయును. కొంతకాలమునకు తీగలు తెగును. రైలుతో సమానముగా పరుగెత్తి కడ్డీ పట్టుకొనువాని చేయి లాగబడదు. ఆగి పట్టుకొన్నవాని భుజము ఊడును. అంతే భేదము. పెట్టె ప్రతిమారును త్రాటిని క్రొత్తచోట పట్టుకొనును గనుక త్రాటి అరుగుదల ఒకేచోట పడదు. ఇది ఇంకొక మేలు.

పట్టుకున్న తరువాత కూడ యంత్రము నమ్మదు, పరీక్షించును. మీట సరిగా మూసికొనెనా, దవడల మధ్య త్రాడు సరియైన చోట నున్నదా యని కొలకడ్డీలు చూచును. స్ప్రింగు బలము తగినంత యున్నదా యని మరియొక సాధనము నొక్కి చూచును. ఏ ఒక్కటి తప్పినను పెట్టె స్టేషను దాటకముందే త్రాడు మొత్తము ఆగిపోవును. ఈ పరీక్ష ఏడాది కొకమారు జరుగునది కాదు. ప్రతి పెట్టెకు ప్రతి చుట్టులోను జరుగును. మన గ్రంథాలయములో తిరిగివచ్చిన ప్రతి పుస్తకమును పుట లెక్కించి అరలో పెట్టు ఆచారము ఉన్నది గదా, అట్టిదే ఇది.

ఒక సందేహము మిగిలినది. పెట్టెలు స్టేషనులో ఇంత నెమ్మదిగా పోవుచుండగా వెనుకనుండి త్వరగా వచ్చునవి వానిని గ్రుద్దవా? దీనికి సమాధానము మన వంశధార కాలువలో ఉన్నది. గొట్టా బ్యారేజినుండి వచ్చు కాలువలో ఇరుకుచోట నీరు వడిగా, వెడల్పుచోట నెమ్మదిగా పారును. అయినను ఒక గడియలో ఇరుకున దాటిన నీరెంతయో వెడల్పున దాటిన నీరంతయే. పెట్టెలును అట్లే. పండ్రెండు సెకనుల కొకటి వచ్చుచున్నచో త్రాటిమీద రెండింటి నడుమ దూరము 60 మీటర్లు. స్టేషనులో సెకనుకు 0.3 మీటరు చొప్పున నడచునపుడు ఆ దూరము 3.6 మీటర్లగును. దూరము తగ్గినది గాని పండ్రెండు సెకనుల వ్యవధి తగ్గలేదు. పెట్టె పొడవు రెండు మీటర్లయినను నడుమ ఇంకను చోటుండును. ఏదైన పెట్టె కొంచెము ముందువెనుకలైనచో సరిచేయుటకు కొన్ని టైర్లను క్షణకాలము విడదీయు ఏర్పాటు కూడ ఉండును.

పండ్రెండు సెకనుల కొకటి యనగా గంటకు 300 పెట్టెలు. పెట్టెకు పదిమంది చొప్పున గంటకు 3000 మంది. ఇది ఉత్త లెక్క కాదు. దక్షిణ అమెరికాలో బొలీవియా దేశపు లా పాజ్ నగరమున 2014లో ప్రారంభమైన రోప్‌వేలను ఈ లెక్కకే నిర్మించిరి. అక్కడ అది వేడుకకు కాదు. కొండమీది బస్తీలలోని పనివారు ప్రతిదినము పనికి పోవు వాహనము. అంతకు ముందు 2004లో కొలంబియా దేశపు మెడెలిన్ నగరములో కొండవాలు పేటలను క్రింది రైలుతో కలుపుటకు ఇట్టి మార్గమునే వేసిరి.

ఇంతవరకు యంత్రమును పొగడితిని. ఇపుడు భయమును గూర్చి కూడ చెప్పవలెను. చెప్పకున్న అది సగము సత్యమగును. ఇటలీ దేశములో మొత్తరోనె కొండ రోప్‌వే చేదబావి పద్ధతిది. 2021 మే 23న పెట్టె పై స్టేషనును సమీపించుచుండగా లాగు త్రాడు తెగెను. అట్టి సమయమున మోయు త్రాటిని పట్టుకొని పెట్టెను నిలుపుటకు అత్యవసర బ్రేకు ఉన్నది. కాని ఆ బ్రేకు మాటిమాటికి పడి పనికి అడ్డు తగులుచున్నదని దానిని పడకుండ ఒక ఇనుపకొక్కెముతో బంధించి యుంచిరి. పెట్టె వెనుకకు జారి పడిపోయెను. పదునేనుగురిలో పదునలుగురు మరణించిరి. ఒక్క పసిబాలుడు మాత్రము బ్రతికెను. బ్రేకు మాటిమాటికి పడుట యంత్రము చేసిన ఫిర్యాదు. ఆ ఫిర్యాదును వినక దాని నోరు కట్టిరి.

మన దేశములో 2022 ఏప్రిల్ 10న, శ్రీరామనవమి నాడు, ఝార్ఖండ్ రాష్ట్రమున దేవఘర్ సమీపమునందలి త్రికూట పర్వతముపై రోప్‌వే నడుమ నిలిచిపోయెను. పెట్టెలలో చిక్కుకొన్న యాత్రికులను విమానదళపు హెలికాప్టర్లు, సైనికులు, సహాయదళములు, స్థానికులు కలిసి దింపుటకు మూడవ దినము వరకు పట్టెను. ముగ్గురు మరణించిరి. అందుచే ఎక్కించు విద్య ఎంత ముఖ్యమో నడుమ ఆగినపుడు దింపు విద్య అంత ముఖ్యమని తెలిసికొనవలెను. విద్యుత్తు పోయినచో త్రాటిని నెమ్మదిగా నడపి అందరిని స్టేషనునకు చేర్చుటకు వేరొక ఇంజను ఉండవలెను. అదియు పనిచేయనిచో త్రాళ్లతో క్రిందికి దింపు అలవాటు గల మనుష్యులుండవలెను. ఆ అలవాటు ఆపదకు ముందే కావలెను.

ఇవి ఎక్కడివో దూరపు మాటలని తలపవలదు. మనకు సమీపమున విశాఖపట్టణములో కైలాసగిరికి రోప్‌వే ఉన్నది. శ్రీశైలములో పాతాళగంగకు దిగు రోప్‌వే ఉన్నది. మీరు అటువంటి చోటికి పోయినపుడు పిల్లలను వెంటబెట్టుకొని స్టేషనులో రెండు నిమిషములు ఊరక నిలుచుండి చూడుడు. పెట్టెలు ఒంటిగా వచ్చుచున్నవా, గుంపుగా వచ్చుచున్నవా? పెట్టె నెమ్మదించినపుడు త్రాడు కూడ నెమ్మదించినదా, లేక త్రాడు తన దారిని పరుగెత్తుచునే యున్నదా? తలపైన టైర్ల వరుస ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలతో అది నేను చెప్పిన నాలుగింటిలో ఏ పద్ధతిదో మీరే నిర్ణయింపగలరు. టిక్కెట్టు ఖరీదులో సగము ఆ తెలివికే చెల్లినట్లగును.

మన జిల్లాలలో కొండలకు కొదువ లేదు. కొండమీద దేవుడున్న ఊళ్లు పెక్కు. ఏ కొండకైనను రోప్‌వే వేయుదమని పెద్దలు తలపెట్టినచో గ్రామస్థులు అడుగవలసినవి కొన్ని కలవు. ముసలివారు ఎక్కుచోట పెట్టె ఎంత నెమ్మదించును? నడుమ ఆగినచో ఎంతసేపటిలో దింపుదురు? త్రాటిని ఎవరు, ఎన్నాళ్ల కొకమారు పరీక్షింతురు? గాలి ఎంత మించినచో ఆపుదురు, ఆ నిర్ణయము చేయువాడు టిక్కెట్లమ్మువాడా, వేరొకడా? మన పార్వతీపురము, సాలూరు కొండలలో రోడ్డు లేని గూడెములనుండి నేటికిని రోగులను, గర్భిణులను డోలీ కట్టి మోసికొని వచ్చుచున్నారు. వారికి మొదట కావలసినది రోడ్డు, వైద్యుడు, నేను కాదనను. కాని మనిషిని మోయుటలో డోలీ మోయువారికున్న నీతి ఒకటి కలదు. రోగి నొప్పి ననుసరించి వారు అడుగు వేయుదురు గాని తమ తొందర ననుసరించి కాదు. ఎంత గొప్ప యంత్రమైనను ఆ నీతిని నేర్చుకొన్నపుడే మనుష్యులకు పనికివచ్చును. స్టేషనులోని ఆ పాతిక టైర్లు చేయునది అదియే.

అధ్యక్ష మహాశయా! ముగించెదను. ఆ తల్లికి నేను చెప్పిన సమాధానము చిన్నది. "అమ్మా! త్రాడు ఆగలేదు, నీ పెట్టె త్రాటిని వదలి నీకొరకు నెమ్మదించినది. నిన్నెక్కించుకొని మరల పరుగెత్తి త్రాటిని పట్టుకొన్నది" అంటిని. ఆమె కొంచెము సేపు ఆలోచించి, "అయితే దానికి మన మీద గౌరవముందన్నమాట" అని నవ్వినది. ఇంజనీరు ఎవడును ఇంతకంటె బాగుగ చెప్పలేడు.

ఈ గ్రంథాలయమును చూచినపుడు నాకు అదే తోచుచున్నది. లోకములో విద్య పెద్ద త్రాటివలె ఆగకుండ పరుగెత్తుచున్నది. బడికి పోని రైతు, ఆలస్యముగా అక్షరములు నేర్చిన గృహిణి, పొలము పని ముగించుకొని వచ్చిన కూలి ఆ పరుగును అందుకొనజాలరు. గ్రామ గ్రంథాలయము ఆ వేగమును వారి నడకకు తగినట్లు తగ్గించి, తలుపు తెరచి, ప్రక్కన నిలుచుండి, లోనికి చేర్చుకొను స్టేషను. ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొను పాఠకునిపై ఇక్కడ ఎవరును విసుగుకొనలేదని, ఈ ఇరువదియైదు సంవత్సరములలో ఈ ఊరివారందరు సాక్ష్యము చెప్పగలరు. ఆ ఓర్పు ఇట్లే నిలిచి, ఈ బల్లలయొద్ద నేడు కూర్చున్న పిల్లలు స్వర్ణోత్సవ సభలో ఇక్కడ నిలుచుండి మాటలాడుదురు గాక యని కోరుచున్నాను.